తులాధారుని త్రాసు, మా తాతగారి ఆవర్జా



గత కార్తీకమాసమున గుడ్లవల్లేరులో ఒక గృహమునందు సత్సంగము ముగిసి ప్రసాదవితరణ జరుగుచుండగా, ఒక యువకుడు నా ప్రక్కన వచ్చి కూర్చుండినాడు. ఇంజనీరింగు చదివినవాడు. హైదరాబాదులో రెండేండ్లు ఉద్యోగము చేసి, తల్లిదండ్రులను చూచుకొనవలసి వచ్చి ఊరికి తిరిగి వచ్చినాడు. బందరు రోడ్డు మీద చిన్న దుకాణము తెరవనున్నాడు. "మాస్టారూ, వ్యాపారంలో నిలబడాలంటే మనిషికి ఏ గుణాలుండాలండీ? గీతలో దీనికేమైనా చెప్పారా?" అని అడిగినాడు.

నేను అలవాటుగా పదునెనిమిదవ అధ్యాయములోని స్వభావజకర్మల ప్రకరణమును వివరించితిని. కృషి, గోరక్షణ, వాణిజ్యము అను మూడును ఒకే కోవలో చెప్పబడినవనియు, ఎవరి కర్మతో వారు ఈశ్వరుని అర్చించి సిద్ధిని పొందవచ్చుననియు చెప్పి ఆశీర్వదించితిని. అతడు వినయముగా నమస్కరించి వెళ్లినాడు కాని, ముఖమున తృప్తి కానరాలేదు. ఆకలితో వచ్చినవానికి అన్నశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పి పంపినట్లయినది. ఆనాటినుండి ఆ ప్రశ్న నన్ను వెన్నాడుచున్నది. ఈ వ్యాసము అతనికి నేను పడిన బాకీ.

ముందుగా ఒక మాట. భగవద్గీతను విజయసోపానముగా, వ్యాపారనిర్వహణ గ్రంథముగా వ్యాఖ్యానించు పుస్తకములు, ఉపన్యాసములు నేడు విస్తారముగా వచ్చుచున్నవి. వాటియందు నాకు గౌరవము తక్కువ. నిష్కామముగా పనిచేసినచో అమ్మకములు పెరుగునని బోధించుట అనగా, ఫలాపేక్షను వదలుము, దానివలన ఫలము రెట్టింపగును అని చెప్పుటయే కదా! ఇది వదతోవ్యాఘాతము. సత్యము, ధృతి, దయ మొదలైన గుణములు ధర్మమునకు అంగములు. లాభమునకు పనిముట్లు కావు.

ఐనను ఆ యువకుని ప్రశ్న తప్పు కాదు. పెద్ద సంస్థయందు యజమాని గుణదోషములకును కొనుగోలుదారునకును నడుమ అనేకుల జీతములు, అనేక గదులు అడ్డుగా నుండును. చిన్న దుకాణమున అట్టి తెర లేదు. యజమాని కోపమే దుకాణము యొక్క కోపము. ఆయన బద్ధకమే పొద్దెక్కినను ఎత్తని షట్టరు. ఆయన లోభము తూకములో నేరుగా కనబడును. అంతరంగము ఇంతగా బహిర్గతమగు వృత్తి మరొకటి అరుదు. కనుకనే చిన్న అంగడిని నేను సాధనాక్షేత్రమని భావింతును. సాధనాక్షేత్రమున పరీక్షలు ఎట్టివో మాత్రము ఉపన్యాసములలో తెలియవు, బజారులో తెలియును.

మనుస్మృతి చతుర్థాధ్యాయమున జీవనోపాయములకు పేర్లు పెట్టుచు వాణిజ్యమును 'సత్యానృతము' అనినది. సత్యము, అనృతము కలిసిన వృత్తి అని అర్థము. ఈ పదమును చూపి, అబద్ధమాడక వ్యాపారము సాగదని శాస్త్రమే అంగీకరించినదని వాదించువారిని నేను చూచితిని. ఈ వాదమునకు సంస్కృతము తెలియని వ్యాఖ్యాతలు కూడ ప్రతి బజారులోను కొల్లలుగా కలరు. నా అభిప్రాయము వేరు. ఆ పేరు అనుమతి కాదు, హెచ్చరిక. ఏటి ఒడ్డున 'ఇచ్చట లోతు' అని బోర్డు పెట్టుట దూకుమని చెప్పుట కాదు. అన్నట్లు, అదే సందర్భమున మనువు వాణిజ్యముతో జీవింపవచ్చునని చెప్పి, పరుల కొలువును మాత్రము శునకవృత్తియని వర్జింపుమన్నాడు. ఉద్యోగము వదలి దుకాణము పెట్టుచున్న ఆ యువకునకు ఇది ఊరట కావచ్చును. నెలజీతముతో ముప్పది ఏండ్లు గడిపిన నాకు మాత్రము కాదు.

సత్యానృతముల సరిహద్దును ప్రత్యక్షముగా చూడదలచినవారు మచిలీపట్టణమును ఆనుకొనియున్న చిలకలపూడికి పోవలెను. భక్తులకు ఆ ఊరు పాండురంగస్వామి క్షేత్రము. భక్త నరసింహముగారి సంకల్పముతో 1929లో వెలసిన కీర పండరిపురము. లోకమునకు అది రోల్డుగోల్డు నగల ఊరు. 'చిలకలపూడి బంగారము' అను పలుకుబడి తెలుగువారికి కొత్త కాదు. రాగి, ఇత్తడి వంటి లోహముపై పలుచని బంగారపు రేకును అతికి, సాగదీసి నగగా మలచుట పూర్వపద్ధతి. విద్యుత్తుతో పూత పూయుట తరువాత వచ్చినది. ఒకరు తీగ తీయుదురు, ఒకరు అచ్చు వేయుదురు, ఒకరు టంకము పెట్టుదురు, ఇంటి అరుగులమీద కూర్చున్న స్త్రీలు రాళ్లు పొదుగుదురు. పోతేపల్లిలో ఈ పరిశ్రమకై జ్యూయలరీ పార్కు కూడ వెలసినది.

అద్వైతులకు శుక్తిరజతము ప్రసిద్ధ దృష్టాంతము. ముత్యపుచిప్ప వెండివలె భాసించును; వెండి అనుకొని చేయి చాచినవాడు భ్రాంతుడు. చిలకలపూడి పనివాని వృత్తియంతయు అట్టి భాసను నిర్మించుటయే. మరి అతడు సత్యవాది కాగలడా? కాగలడనియే నా నిశ్చయము. 'ఇది గిల్టు' అని చెప్పి అమ్మునప్పుడు కొనువాని బుద్ధియందు భ్రాంతి లేదు, చూచువారి కన్నులకు శోభ కలదు. అదే గొలుసును మేలిమియని చెప్పి తాకట్టు పెట్టినవాడు వంచకుడు. వస్తువు ఒకటే. సత్యానృతములు లోహమున లేవు, వాక్కున ఉన్నవి.

కాని పరీక్ష ఇంతటితో ముగియదు. ఇది బంగారము కాదని కొనువానికి ముందే తెలియును. ఆ సత్యము చెప్పుటకు ధైర్యము అక్కరలేదు. ఎన్నాళ్లు నిలుచును అను ప్రశ్నవద్దనే నాలుక తడబడును. కొన్నేండ్ల క్రిందట మా మేనకోడలికి ఒక గొలుసు కొనుటకు అచ్చటికి వెళ్లితిని. దుకాణదారుడు ఏదియు చూపకముందే, "పెళ్లి నాటికేనా, రోజూ వేసుకుంటారా అండీ?" అని అడిగినాడు. నిత్యధారణకే అని చెప్పగా, నేను అప్పటికే చేతిలోనికి తీసికొన్న తళతళలాడు గొలుసును మెల్లగా వెనుకకు పుచ్చుకొని, "ఇది మీకు పనికిరాదండి. చెమట తగిలితే ఆర్నెల్లకు తేలిపోతుంది" అని మరొకటి తీసినాడు. మెరుపు కొంత తక్కువ, వెల కొంత ఎక్కువ. నాకు సందేహము కలిగి లేచి రాబోతిని. ఆ పూట అతని బేరము పోవలసినదే. అతడు బ్రతిమాలలేదు, వేరొకరికి సరుకు చూపుటలో మునిగినాడు. చివరకు అదియే కొంటిని. అడుగకముందే తన సరుకు దోషమును తాను చెప్పగలుగుట, చెప్పిన పిదప బేరము పోయినను కలత చెందకుండుట, ఈ రెండును కలిసిననే వ్యాపారిసత్యము పూర్తియగును. మొదటిది మాత్రమే ఉన్నచో అది కూడ ఒక అమ్మకపు ఉపాయమై పోవును. అట్టి నటనాసత్యమును నేను బజారులో చాల చూచితిని.

మహాభారతము శాంతిపర్వములోని మోక్షధర్మములలో జాజలి, తులాధారుల సంవాదము కలదు. ధర్మవ్యాధుని కథ ఎందరికో తెలియును గాని ఈ కథను చెప్పుకొనువారు తక్కువ. జాజలి ఘోరతపస్వి. జటలలో పక్షులు గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోవు వరకు కదలక నిలిచినాడు. నిలిచి, ధర్మము నాకు సిద్ధించినదని గర్వించినాడు. వారణాసిలోని తులాధారునకు నీవు సమానుడవు కావని అంతరిక్షమున ఒక వాక్కు వినబడినది. వెదకికొనుచు పోగా ఆ తులాధారుడు అంగడిలో కూర్చుండి లత్తుక, సుగంధద్రవ్యములు, నానావిధ రసములు అమ్ముకొనుచున్న వర్తకుడు. మద్యము మాత్రము అమ్మడు. ఇతరుల చేతినుండి కొని, కపటము లేక అమ్ముదునని, తన త్రాసు సర్వభూతములకు సమముగా నిలుచునని ఆయన జాజలికి చెప్పినాడు.

ఈ సమత్వమును చాలమంది ఉదాసీనతగా పొరబడుదురు. అంగడిలో సమత్వమనగా ఏమి? నా బాల్యమున మా మాతామహుని దుకాణములో త్రాసు ఉండెడిది. సరుకు తూచుటకు ముందు ఖాళీ సిబ్బెలను ఎత్తి చూచి, ఏ ప్రక్క మొగ్గినచో రెండవ ప్రక్క చిన్న రాయి వేసి ధడా కట్టవలెను. ప్రతిదినము తూచుటకు ముందు త్రాసు తన పక్షపాతమును తాను దిద్దుకొనవలెనన్నమాట. ధాన్యము కొలుచునప్పుడు మొదటి కుంచమును 'ఒకటి' అనక 'లాభం' అని లెక్క మొదలుపెట్టుట మన దేశాచారము. ఆ మాట అమ్మువానికా, కొనువానికా అని చిన్నతనమున తాతగారిని అడిగితిని. "కుంచానికి" అని నవ్వినారు. ఆ ఉత్తరము నాకు నేటికిని పూర్తిగా బోధపడలేదు.

తూకము సమముగా నుండుట సులభము, నేడు ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చిన పిదప మరింత సులభము. అసలు సమత్వపరీక్ష కొసరువద్ద వచ్చును. కొసరు శాసనము కాదు, సంప్రదాయము. తూకము ముగిసిన తరువాత చేతితో వేయు ఆ నాలుగు గింజలు యజమాని స్వేచ్ఛ. ఎవరికి పడునో గమనించితిరా? గద్దించి అడిగినవానికి, బుల్లెట్టు బండి మీద వచ్చినవానికి, ఊరిలో పలుకుబడి కలవానికి పడును. పది రూపాయల ఎండుమిర్చికై వచ్చి, అడుగుటకు సిగ్గుపడి, పొట్లము కొంగున ముడివేసికొని పోవు కూలితల్లికి పడదు. అడుగనివారికి కూడ అడిగినవారితో సమముగా కొసరు వేయగల చేయి ఉన్నవాడు తులాధారునికి వారసుడు. చదువుకొన్న యువకులు దీనిని ఖాతాదారుల ప్రీతియని పిలుతురో ఏమో! ఆ తల్లి మరల అదే దుకాణమునకు వచ్చుననుట నిజమే. కాని ఆమె వచ్చుట కొరకు వేసిన కొసరు కొసరు కాదు, ఎర.

కౌటిల్యుడు ఇంతటి అంతరంగవిచారములో పడలేదు. స్వదేశపు సరుకుపై నూటికి 5, పరదేశపు సరుకుపై నూటికి 10 మించి లాభము తీయరాదని, తూనికరాళ్లను నాలుగు మాసములకొకసారి పరీక్షించి ముద్ర వేయవలెనని అర్థశాస్త్రమున కట్టడి చేసినాడు. రాజ్యము మనుష్యుని నమ్మదు, నమ్మనక్కరలేదు. రాజోద్యోగి ముద్ర వేయలేని చోటు కొసరు ఒక్కటే.

ధృతిని గూర్చి ఎక్కువ చెప్పను. ఈ డెల్టాలో పుట్టినవానికి దానిని నేర్పవలసిన పని లేదు. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది ప్రాణములు పోయినవి. 1977 నవంబరు 19న దివిసీమ ఏమైనదో నా తరమువారికి కన్నులకు కట్టినట్లున్నది. ఉప్పునీరు దిగిపోయిన తరువాత బురద కడుగుకొని మరల తలుపు తెరచిన వర్తకునకు ధృతిశబ్దార్థము నిఘంటువులో అక్కరలేదు. ప్రళయములు రాని దినములలో ధృతి ఎట్లుండునో మాత్రము మా ప్రక్కన పెడనలోని కలంకారీ పనివారు చూపుదురు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవములో తడిపి ఆరవేయుదురు. నలుపురంగు కొరకు తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో వారములకొలది ఊరవేయుదురు. పటిక అద్ది, పారు నీటిలో ఉతికి, రంగు చెక్కలతో ఉడికింతురు. మధ్యలో త్వరపడినచో ఆనాడు ఎవరికిని తెలియదు. కొన్న యిల్లాలు మొదటిసారి ఉతికినప్పుడు నీరు చెప్పును. ఆ నీటికి భయపడువాడు మంచి వర్తకుడగును.

ఇక ఈ నేలనుండి లేచిన మహావర్తకుని తలచుకొనక తప్పదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో పామర్రు సమీపమున ఎలకుర్రులో జన్మించినారు. బందరులోను చెన్నపట్టణమునను చదివి, కొంతకాలము చెన్నపట్టణమున వ్యాపారము చేసి, కలకత్తాలో మందుల అంగడిలో పని నేర్చి, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమును ప్రారంభించినారు. నేడు ఆ పేరు దేశమంతట ఇంటింటి పేరు. ఆనాడు ఎవరికిని తెలియని పసుపుపచ్చని లేపనము. సంగీతసభలలో ఆ మందును ఉచితముగా పంచిపెట్టి ప్రచారము చేసినారని ప్రసిద్ధి. దీనిని తెలివైన ప్రకటనయని మెచ్చుకొందురు. నాకు అందులో శ్రద్ధ కనబడుచున్నది. నుదుటికి రాసికొన్నవాని తలనొప్పి తగ్గనిచో, ఆ సభలోనే పరువు పోవును. తన వస్తువును పదిమంది నుదుళ్లపై పరీక్షకు పెట్టగలవానికి దానియందు నిజమైన విశ్వాసము ఉండవలెను.

ఆయన బ్రాహ్మణకుటుంబమున పుట్టి మందు అమ్మినారు. స్వభావజకర్మ జన్మముచేత నిర్ణయమగునా, స్వభావముచేత నిర్ణయమగునా అని వేదికలపై వాదించుకొనువారు ఆయన జీవితమును ఒకమారు చదువవలెను. ఆ మందు సంపాదించిన ధనముతోనే 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడినది, 1914లో చెన్నపట్టణమున దినపత్రికయైనది, 1924లో భారతి మాసపత్రిక వచ్చినది, ఆంధ్రగ్రంథమాల నడచినది. విశ్వదాతయని జనులు పిలిచినారు. భగవద్గీతకు తెలుగున వ్యాఖ్యానము వ్రాసినారు. వ్యాపారి గీతను వ్యాఖ్యానించుట, గీతను వ్యాపారమునకు వ్యాఖ్యానించుట, ఈ రెంటికి గల భేదమును పాఠకులు గుర్తింపగలరు.

పంతులుగారి పేరు చెప్పి, 'దానము చేయుము, ధనము వచ్చును' అని యువకులకు బోధించువారు కలరు. ఇచ్చట క్రమము తలక్రిందులైనది. ఆయన ఆర్జించినారు, తరువాత ఇచ్చినారు; ఇచ్చినది తనది. ఈ మాట నేను ఇంత గట్టిగా చెప్పుటకు కారణము మా ఇంటిలోనే కలదు. ఇంతవరకు వ్రాసినదంతయు దీనిని వాయిదా వేయుటకే వ్రాసితినేమో.

మా మాతామహునిది కిరాణా దుకాణము. డెల్టా గ్రామములలో ధనము సంవత్సరమంతయు ప్రవహింపదు. సార్వా పంట ఇంటికి వచ్చినప్పుడు ఒకమారు, దాళ్వా ఉన్నచో మరియొకమారు కనబడును. నడుమ నెలలన్నియు అరువు మీద నడచును. కాలువకు నీరు వదలినది మొదలు సంక్రాంతి వరకు ఉప్పు, పప్పు, కిరసనాయిలు ఆవర్జాలో వ్రాసికొని ఇచ్చుటయే దుకాణమనగా. తాతగారు ఎవరికిని లేదని చెప్పి ఎరుగరు. బాకీ అడుగుట ఆయనకు నామోషీ. ఊరు ఆయనను ధర్మాత్ముడని పిలిచెడిది, ఆ పిలుపు విన్నప్పుడు ఆయన ముఖము వికసించెడిది. ఒక ఏడు తుపానుకు పైరు పడిపోయి, వసూళ్లు ఆగిపోయినవి. ఐనను ఇచ్చుట ఆగలేదు. మరుసటి ఏడు దుకాణము మూతపడినది.

కలికాలమున ధర్మాత్ములకు స్థానము లేదని మా ఇంటిలో చెప్పుకొనెడివారము. నేనును చాలకాలము అట్లే నమ్మితిని. తాతగారు పోయిన తరువాత పెట్టె సర్దుచుండగా ఆవర్జాతోపాటు కొన్ని కార్డులు దొరకినవి. గుడివాడలో ఆయనకు సరుకు అరువుగా ఇచ్చిన టోకు వర్తకుడు వ్రాసినవి. మొదటి దానిలో క్షేమసమాచారములు అడిగి, వీలు చూచుకొని పంపుమన్నాడు. రెండవ దానిలో కుమార్తె వివాహము నిశ్చయమైనదని వ్రాసినాడు. మూడవది రెండే పంక్తులు. ఆ వర్తకుడు లక్షాధికారి కాడని, రెండు గదుల ఇంటిలో కాపురమని మా అమ్మ చెప్పినది.

ఆ కార్డులు చదివిన దినమున నాకు ఒక విషయము స్పష్టమైనది. తాతగారు ఊరికి ఇచ్చినది తన ధనము కాదు, గుడివాడ వర్తకుని ధనము. దానముగా కనబడినది పరద్రవ్యవ్యయము. అస్తేయమనగా దొంగిలింపకుండుట మాత్రమే కాదు, తన చేతిలోనున్న పరధనమును తనదిగా భావింపకుండుట కూడ. చిన్న వర్తకుని గల్లాపెట్టెలో సాయంకాలమున ఉన్న సొమ్ములో అధికభాగము పరులదే. సరుకు ఇచ్చినవానిది, అద్దె ఇంటివానిది, ప్రభుత్వమునది. చివరన మిగిలిన పిడికెడే తనది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వృత్తిచేత వైద్యులు. ఆయన 1923లో మచిలీపట్టణమున లక్ష రూపాయల మూలధనముతో ఆంధ్రాబ్యాంకును నెలకొల్పినప్పుడు, పరధనమును పరధనముగానే చూచుదురను నమ్మకము లేనిదే దాని గడప ఎవరు త్రొక్కియుందురు? 2020లో ఆ బ్యాంకు మరొక దానిలో విలీనమగు వరకు మా ప్రాంతపువారికి అది మా బ్యాంకు.

మరి తాతగారిది దయ కాదా? నేను ఆయన మనుమడను. ఆయన చేతి బెల్లము తిని పెరిగితిని. లేదని చెప్పుటకు నోరు రాదు. కాని అర్జునుడు రథముమీద కూలబడినప్పుడు ఆయన మాటలన్నియు దయాపూరితములే, శ్రీకృష్ణుడు దానిని హృదయదౌర్బల్యమన్నాడు. ఎదుటివాని దుఃఖమును చూడలేకపోవుట వేరు, ఎదుటివాని దృష్టిలో చెడ్డవాడనగుదునని భయపడుట వేరు. రెండును వెలుపలికి ఒకే రూపమున కనబడును. లోపల మొదటిది కరుణ, రెండవది కీర్తికాంక్ష. దేశకాలపాత్రములు చూచి ఇచ్చిన దానమే సాత్త్వికమని గీత చెప్పినది. నా అభిప్రాయమున చిన్న వర్తకునకు అన్నిటికంటె దుర్లభమైన గుణము ఇదియే: ఎదుటివానిని నొప్పింపక, సిగ్గుపరచక, లేదని చెప్పగలుగుట.

అది సాధ్యమేయని నేను వేమవరమున చూచితిని. కొండలమ్మ అమ్మవారి దర్శనమునకు పోవునప్పుడు ఒక వృద్ధురాలివద్ద కొబ్బరికాయ కొనుట నాకు అలవాటు. కాయలు, పసుపు, కుంకుమ, అగరువత్తులు, చిల్లర తినుబండారములు ఆమె సరుకు. చుట్టుప్రక్కలవారికి అరువు ఇచ్చును. నూరు రూపాయలు ఆమె హద్దు. ఒకనాడు ఒకడు మరికొంత అడుగగా, ఆమె అతని చెవికి మాత్రమే వినబడునట్లు వంగి, "పాతది తీర్చి కొత్తది పట్టుకెళ్లు నాయనా, అందాకా ఈ అరటిపండు పిల్లాడికియ్యి" అన్నది. ప్రక్కన నిలుచున్న నాకు ఎట్లో వినబడినది. ఆ అరటిపండు ఆమెది, అమ్మిన లాభములోనిది. అరువు ఆమె పెట్టుబడిలోనిది. ఈ రెంటికి గల రేఖను ఆమె ఎన్నడును చెరపలేదు. మా తాతగారికి చదువు ఆమెకంటె ఎక్కువే.

ఇన్నియు చెప్పి, ఈ గుణములున్నచో నీ దుకాణము నిలుచునని ఆ యువకునకు హామీ ఇవ్వగలనా? ఇవ్వలేను. రోడ్డు వెడల్పు చేసినచో ముందుభాగము పోవచ్చును. ఫోనులో నొక్కినచో గుమ్మమువద్దకు సరుకు వచ్చు కాలమిది. ఏ కర్మకైనను ఐదు కారణములున్నవని గీత చెప్పును: అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధచేష్టలు, ఐదవది దైవము. గుణములు రెండవదానికి చెందినవి. తక్కిన నాలుగు వాని చేతిలో పూర్తిగా లేవు. సత్యవాదియైనను నష్టపోవచ్చును, వంచకుడు మేడ కట్టవచ్చును, ఇది మనమందరము చూచుచున్నదే. దీనిని దాచి యువకులకు గీత చెప్పుట కూడ ఒక విధమైన గిల్టు వ్యాపారము.

అతడు మాఘమున దుకాణము తెరచినాడు. నేను వెళ్లి బోణీ చేసితిని, ఒక చార్జరు కొంటిని. గల్లాపెట్టె వెనుక రెండు డబ్బాలుంచినాడు. ఒకటి సరుకువానిదని, రెండవది తనదని చెప్పినాడు. ఎవరు చెప్పినారో అడుగలేదు. బహుశః తల్లి చెప్పియుండును. తలుపుమీద 'అరువు లేదు' అని బోర్డు వ్రేలాడుచున్నది. అది కొంచెము కఠినముగా తోచినది కాని పైకి అనలేదు.

మా తాతగారి ఆవర్జా నా బీరువాలో ఉన్నది. బాకీదారులలో సగముమంది ఇప్పుడు లేరు. పారవేయవద్దని, వసూలు చేయవద్దని మా అమ్మ ఆజ్ఞ. చివరి పుటలో గుడివాడ వర్తకుని ఖాతా కలదు. దుకాణము మూసిన రెండేండ్లకు మా అమ్మమ్మ తన కాసులపేరు అమ్మి ఆ బాకీ తీర్చినది. తరువాత జీవితమంతయు చిలకలపూడి గొలుసే ధరించినది, అడిగినవారికి గిల్టేనని చెప్పెడిది. ఆమెకు చదువు అంతగా లేదు. మొత్తము క్రింద ఆమె చేతివ్రాతతో, వంకరగా, 'చెల్లు' అని ఉన్నది.